పెళ్లి ఫొటో పక్కన బ్యాక్‌గ్రౌండ్ పెంచాలి, 12×36 షీట్‌కి సరిపోవట్లేదు

కోనసీమ_కుర్రోడు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్లి ఆల్బమ్ నేనే డిజైన్ చేస్తున్నాను. జీలకర్ర బెల్లం పెట్టుకున్నాక తీసిన ఫొటో ఒకటుంది. ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి, మధ్యలో తెర అప్పుడే కిందికి దిగుతోంది, అక్క కళ్లెత్తి బావని చూస్తోంది. ఆల్బమ్ మొత్తంలో మా అమ్మకి అదే ఇష్టం. దాన్ని 12×36 అంగుళాల షీట్ (ఆల్బమ్ తెరిస్తే కనిపించే రెండు పేజీలూ కలిపి) నిండా ఒక్క ఫొటోగా పరవాలని ఉంది.

ఫొటోగ్రాఫర్ బాగా దగ్గరగా ఫ్రేమ్ కట్టారు. జంట సరిగ్గా మధ్యలో ఉంది. ఎడమ అంచులో పందిరి స్తంభం, దానికి చుట్టిన బంతిపూల దండ కొంచెం కనిపిస్తోంది. కుడి అంచులో సన్నాయి వాయించే ఆయన సగానికి తెగిపోయారు. షీట్‌లో పెడితే సగం ఖాళీ మిగులుతోంది. లాగి సాగదీస్తే అక్క మొహం వెడల్పయిపోతోంది. కెమెరా 24 మెగాపిక్సెల్, నా దగ్గర ఫొటోషాప్ ఉంది. దారి చెప్పండి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | ఆదివారం రాత్రి 9:30

తమ్మీ, క్రాప్ టూల్ తీస్కొని రెండు దిక్కులా బయటికి గుంజు. పైన ఫిల్ అన్న కాడ జెనరేటివ్ ఎక్స్‌పాండ్ (ఖాళీ జాగని ఏఐతోని నింపుడు) పెట్టి ఎంటర్ కొట్టు. ఏం రాయకు, ఖాళీగ ఇడిసిపెట్టు. మూడు తీర్ల జేసి సూపెడ్తది, మంచిగున్నది ఎంచుకో. 2023 సంది ఉన్నది గద ఇది. నెట్ మాత్రం ఉండాలె, పని మొత్తం ఫొటోషాప్ కంపెనోళ్ల సర్వర్ల మీదనే అయితది.

కోనసీమ_కుర్రోడు | ఆదివారం రాత్రి 10:25

థాంక్స్ అన్నా, చేసి చూశాను. ఎడమ పక్క స్తంభం స్క్రీన్ మీద బాగానే వచ్చింది, కానీ 100 శాతం జూమ్‌లో చూస్తే అక్క పట్టుచీర జరీ పోగులు ఒక్కొక్కటీ కనిపిస్తుంటే పక్కనే ఉన్న బంతిపూలు మెత్తగా అలికినట్టున్నాయి.

కుడి పక్క ఇబ్బందిగా ఉంది. సన్నాయి చివర గరాటు ఉండాల్సిన చోట ఇంకో అరచెయ్యి వచ్చింది. వెనక కుర్చీల్లో ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు, వాళ్లెవరో మాకు తెలియదు. మూడు రకాల్లోనూ మొహాలు వేరు, మనుషులు మాత్రం ఉన్నారు. ఇది అమ్మకి చూపించలేను.

ఆల్బమ్_డిజైనర్_బెజవాడ | సోమవారం ఉదయం 7:05

బాబూ, ముందు కొలతలు చూసుకుందాం. చాలామంది ఇది వదిలేసి టూల్స్ వెంట పడతారు.

12×36 అంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) 10800×3600 పిక్సెళ్లు. మీ 24 మెగాపిక్సెల్ ఫొటో దాదాపు 6000×4000. ఎత్తు 3600కి తగ్గిస్తే వెడల్పు 5400 అవుతుంది, అంటే 18 అంగుళాలు. సరిగ్గా ఒక పేజీ. కెమెరా ఫొటో మూడుకి రెండు, షీట్ మూడుకి ఒకటి, అందుకే సగం మిగులుతోంది. కనక మీరు కొంచెం అంచు పెంచట్లేదు, ఉన్న ఫొటో అంత ఇంకొకటి తయారు చేస్తున్నారు.

రెండోది మడత. షీట్ నడిమధ్యన, 18 అంగుళాల దగ్గర మడత పడుతుంది. జంటని షీట్ మధ్యలో పెట్టి రెండు పక్కలా సమానంగా పెంచితే ఆ మడత వాళ్ల చేతుల మీదుగా పోతుంది. లే-ఫ్లాట్ బైండింగ్ (తెరిస్తే చదునుగా పరుచుకునేది) అయినా గీత గీతే. అందుకని ఫొటోని ఎడమకి జరపండి. ఎడమ 4 అంగుళాలు, ఫొటో 18, కుడి 14. అప్పుడు జంట మధ్యభాగం ఎడమ అంచు నుంచి 13 అంగుళాల దగ్గర పడుతుంది, మడతకి 5 అంగుళాల ఇవతల. ఎడమన ఉన్న స్తంభం పని చిన్నదైపోతుంది. కష్టమంతా కుడి వైపే.

లహరి_రీటచ్ | సోమవారం ఉదయం 10:40

బెజవాడ అన్నగారు చెప్పిన కొలతలు పట్టుకునే మొదలుపెట్టు తమ్ముడూ.

ముందు ఆ మెత్తదనం సంగతి. జెనరేటివ్ ఫిల్ (ఎంచిన చోటుని ఏఐతో నింపే టూల్) వచ్చిన కొత్తలో ఒక్కోసారికి 1024×1024 పిక్సెళ్ల బొమ్మే తయారయ్యేది. నువ్వు ఎంచిన చోటు అంతకంటే పెద్దదైతే దాన్నే సాగదీసి పరిచేది. తర్వాత మోడళ్లు మెరుగయ్యాయి గానీ, ఒకే దెబ్బలో పెద్ద జాగా నింపితే వివరం తగ్గడం ఇప్పటికీ కనిపిస్తుంది. 1000 పిక్సెళ్లకి మించని చతురస్రాలు ఎంచుకుంటూ, ప్రతిసారీ పాత బొమ్మ కొంచెం లోపలికి వచ్చేలా సెలెక్షన్ గీసి, ముక్క ముక్కగా నింపుకుంటూ పో. ఎడమ స్తంభానికి ఇది చాలు. ఆకులూ పూలూ ఎవరూ లెక్కపెట్టరు.

కుడి పక్కకి మాత్రం అది వద్దు. అక్కడ మనిషి ఉన్నాడు. ఆయన రెండో సగం ఎలా ఉంటుందో ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు, కానీ ఆ రోజు అక్కడున్న కెమెరాలకి తెలుసు. ముహూర్తం వేళ ఏ ఫొటోగ్రాఫరూ ఒక్క క్లిక్ కొట్టి ఊరుకోడు. దీనికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు ఉంటాయి. నీకు ఇచ్చినవి ఏరినవే అయ్యుంటాయి. మొత్తం అడిగి తెచ్చుకో, రా ఫైళ్లుంటే (జేపెగ్ చేయకముందు కెమెరా దాచిన అసలు ఫైళ్లు) రా ఫైళ్లే. అదే చోట నుంచి కాస్త కుడికి తిప్పి తీసినది ఒక్కటి దొరికినా సన్నాయి మేళం మొత్తం నీ చేతికొస్తుంది.

అది కూడా లేకపోతే ట్రెడిషనల్ వీడియో తీసినవాళ్లని అడుగు. గట్టిమేళం మోగేటప్పుడు వాళ్లు పందిరంతా వచ్చేలా పెట్టుకుంటారు. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 3840×2160 ఉంటుంది. నీకు ఎత్తు 3600 కావాలి, అంటే ఒకటిన్నర రెట్లు దాటి పెంచాలి. మొహాలకి చాలదు, ఫోకస్‌లో లేని వెనకభాగానికి బాగా సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీ అయితే వదిలెయ్, మరీ చిన్నది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | సోమవారం ఉదయం 11:15

లహరక్కా, నువ్వు జెప్పింది మంచిగనే ఉన్నది. కానీ ఆల్బమ్ డెలివరీకి వారం టైమ్ ఇస్తరు మాకు. ప్రతి షీట్‌కి పాత ఫ్రేములు దేవులాడుకుంట కూసుంటే అయితదా? ఎనక ఇద్దరు మనుషులు ఎక్కువొస్తే సెలెక్ట్ జేసి మళ్ల ఫిల్ కొట్టి తీసేస్తే అయిపాయె గద.

లహరి_రీటచ్ | సోమవారం ఉదయం 11:50

అన్నా, రిసెప్షన్ స్టేజ్ మీద ఎల్ఈడీ గోడ, తెర, ఆకాశం, గడ్డి ఇవన్నీ నేనూ అలాగే పెంచుతాను. నాకూ గడువులుంటాయి. కానీ పందిట్లో కూర్చున్న ప్రతి మనిషికీ ఆ ఇంట్లో ఒక పేరుంది. పదేళ్ల తర్వాత ఆ షీట్ తెరిచి పిల్లలు ఈ తాత ఎవరని అడుగుతారు. అందుకే మనుషులు వచ్చే చోట నేను ఏఐని వాడను. వారంలో ఆల్బమ్ ఇవ్వాలన్నా, పెద్ద షీట్లు నాలుగైదే ఉంటాయి. వాటికైనా ఆ గంట పెట్టొచ్చు.

డెస్క్_మీద | సోమవారం మధ్యాహ్నం 1:20

నేను పత్రికలో ఫొటో డెస్క్ మీద పని చేస్తాను. లహరి గారి మాటకి మా వైపు నుంచి ఒక ఉదాహరణ. 1982 ఫిబ్రవరి నేషనల్ జాగ్రఫిక్ ముఖచిత్రం గిజా పిరమిడ్లు. అసలు ఫొటో అడ్డం, కవర్ నిలువు. సరిపోవాలని కంప్యూటర్‌లో రెండు పిరమిడ్లని దగ్గరికి జరిపారు. ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, ఇది దానికంటే ఎనిమిదేళ్ల ముందు మాట. పెద్ద దుమారం రేగింది. ఇవాళ మనం మాట్లాడుతున్నదీ అదే చిక్కు, ఫొటో ఒక ఆకారం, పెట్టాల్సిన చోటు ఇంకో ఆకారం.

వార్తా ఫొటోకి అంగుళం కూడా పెంచనివ్వం. పేజీలో ఖాళీ మిగిలితే లేఅవుట్ మారుస్తాం, ఫొటోని కాదు. ఆల్బమ్‌కి అంత కట్టుబాటు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. పువ్వులు పెంచుకోండి, గోడ పెంచుకోండి. కానీ పెంచని అసలు ఫైల్‌ని అదే ఫోల్డర్‌లో దాచి ఉంచండి. రేపు ఎవరికైనా అది కావలసి వస్తే దొరకాలి.

జింప్_అభిమాని | సోమవారం సాయంత్రం 6:10

అనంతపురం నుంచి. ఫొటోషాప్ లేనోళ్లు కూడా ఇది చదువుతాంటారు కదన్నా, వాళ్ల కోసం చెప్తా.

జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ మెనూ, కాన్వాస్ సైజ్, మధ్యలో గొలుసు గుర్తు తీసేసి వెడల్పు ఒక్కటే పెంచండి. ఆ తర్వాత రీసింథసైజర్ అని ప్లగిన్ ఉంది. అందులో హీల్ సెలెక్షన్, అన్‌క్రాప్ అని ఉంటాయి. ఖాళీ జాగా ఎంచుకుంటే చుట్టూ ఉన్న ఆకృతిని చూసి నింపుతుంది. ఇది ఏఐ కాదు, మీ ఫొటోలో ఉన్న పిక్సెళ్లనే ఏరి పేరుస్తుంది. రాయి, మట్టి, గడ్డి, గోడ అయితే అద్భుతంగా చేస్తుంది. నెట్ అక్కర్లేదు, దుడ్లు అక్కర్లేదు. కొత్త 3.0 వెర్షన్ వేసుకున్నోళ్లు మాత్రం దానికి తగ్గ ప్లగినే తెచ్చుకోండి, 2.10కి చేసినవి అన్నీ దాంట్లో పని చేయవు.

ఫోన్‌లోనే అయిపోవాలంటే స్నాప్‌సీడ్ యాప్‌లో ఎక్స్‌పాండ్ ఉంది. స్మార్ట్ అని పెట్టి అంచులు లాగండి. వాట్సాప్ డీపీకి, స్టేటస్‌కి చాలు. ఆల్బమ్‌కి వద్దు.

డల్లాస్_వాసి | మంగళవారం ఉదయం 8:30

కుర్రోడి మొదటి పోస్టులో సాగదీస్తే మొహం వెడల్పవుతోందన్న మాటకి ఎవరూ జవాబివ్వలేదు. సాగదీయడం కూడా మంచి పద్ధతే, అందరినీ కలిపి సాగదీయకపోతే.

కంటెంట్ అవేర్ స్కేల్ అని 2008లోనే ఫొటోషాప్ సీఎస్4లో వచ్చింది. దాని వెనక ఉన్నది 2007లో షాయ్ అవిదాన్, ఏరియల్ షమీర్ అనే ఇద్దరు ప్రచురించిన సీమ్ కార్వింగ్ పద్ధతి. ఫొటోలో వివరం తక్కువున్న చోట్లని పైనుంచి కిందికి సన్నటి దారులుగా వెతికి, తగ్గించాలంటే వాటిని తీసేస్తుంది, పెంచాలంటే వాటి పక్కనే కొత్తవి చేరుస్తుంది. వివరం ఉన్న చోటు జోలికి రాదు. అలాగని మనుషులని దాని దయకి వదలొద్దు. జంటని లాసోతో చుట్టి, సెలెక్ట్ మెనూలో సేవ్ సెలెక్షన్ అని ఒక పేరు పెట్టండి. స్కేల్ చేసేటప్పుడు పైన ప్రొటెక్ట్ అన్న చోట ఆ పేరు ఎంచుకోండి. బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌కి తాళం ఉంటే ముందు తీయాలి.

ఇంకా తేలిక దారి: అంచులో ఖాళీ గోడో ఆకాశమో ఉంటే ఆ పట్టీ ఒక్కటే మార్కీతో ఎంచి, కంట్రోల్+టి కొట్టి బయటికి లాగండి. 2019 వెర్షన్ నుంచి షిఫ్ట్ నొక్కి పట్టుకుంటేనే ఒక్క వైపుకి సాగుతుంది. పాతవాళ్లకి ఇది తిరగబడినట్టుంటుంది.

ఆల్బమ్_డిజైనర్_బెజవాడ | మంగళవారం ఉదయం 9:15

డల్లాస్ గారు చెప్పింది నిజం. అయితే ఆ పట్టీలో పువ్వో ఆకో ఒక్కటున్నా గీతలు గీతలుగా సాగిపోతుంది, చూడగానే తెలిసిపోతుంది. రెండు మూడు అంగుళాల లోపు, అదీ మసకగా ఉన్న చోటే వాడండి. 14 అంగుళాలకి అది కుదరదు.

పాతఫొటోలు | మంగళవారం మధ్యాహ్నం 3:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారిది 1970ల నాటి నలుపు తెలుపు స్టూడియో ఫొటో, పాస్‌పోర్ట్ కంటే కొంచెం పెద్దది. గోడకి పెట్టుకునేలా 12×15 ఫ్రేమ్ కట్టిద్దామనుకుంటున్నాం. తల పైన ఖాళీ దాదాపు లేదు. వెనక ఉత్త బూడిదరంగు తెర. పైన పెంచితే ఆ తెర మీద చారలు చారలుగా పడుతోంది. ఎందుకలా అవుతుంది?

లహరి_రీటచ్ | మంగళవారం సాయంత్రం 4:35

మాష్టారూ, నలుపు తెలుపులో 8 బిట్ ఫైల్‌కి మొత్తం 256 ఛాయలే. స్టూడియో తెర ముదురు నుంచి లేతకి చాలా నెమ్మదిగా మారుతుంది. అందులో మీ ఫ్రేమ్ పై భాగంలో వాడుకునేవి పదో పదిహేనో ఛాయలే అయితే, ఒక్కో ఛాయ వెడల్పాటి పట్టీలా పడుతుంది. ఆ చారలు అవే.

ప్రింట్‌ని 1200 డీపీఐలో స్కాన్ చేయించండి, 16 బిట్ అని చెప్పి. కాన్వాస్ పైకి పెంచాక ఏ ఆటోమేటిక్ టూలూ వద్దు. ఐడ్రాపర్‌తో తల పైన ఉన్న రంగు, మూలల్లో ఉన్న రంగు తీసుకుని గ్రేడియంట్ వేయండి. తర్వాత యాడ్ నాయిస్, మోనోక్రొమాటిక్ టిక్ పెట్టి, పాత ఫొటోలోని రేణువులతో సరిపోయేదాకా పెంచండి. ఆ నాయిసే చారలని చెదరగొడుతుంది, పాతదానికీ కొత్తదానికీ అతుకు కూడా దాంతోనే పోతుంది. జుట్టు అంచు దగ్గర మాత్రం మెత్తటి బ్రష్‌తో మాస్క్ (లేయర్‌లో ఏ భాగం కనిపించాలో ఎంచేది) మీద చేత్తోనే చేయండి. నాన్నగారి జుట్టు గీత మారకూడదు. స్కాన్ ఫైల్ పంపితే నేను చేసి పంపుతాను, మొహమాటపడకండి.

పాతఫొటోలు | మంగళవారం సాయంత్రం 5:10

చాలా సంతోషం అమ్మా. స్కాన్ చేయించి పంపుతాను.

కోనసీమ_కుర్రోడు | గురువారం రాత్రి 8:45

లహరక్కా, దొరికింది! ఫొటోగ్రాఫర్ అన్న హార్డ్ డిస్క్‌లో తెర దించకముందు తీసిన ఫ్రేములు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన కెమెరా కుడికి తిప్పారు. సన్నాయి వాయించే ఆయన పూర్తిగా ఉన్నారు, బుగ్గలు నిండుగా ఉబ్బి, గరాటు పైకెత్తి. ఆయన వెనక డోలు, ఆ పక్కన మా పెద్దత్త అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్లూ మా పెద్దత్త ముహూర్తం ఫొటోల్లో ఎక్కడా లేదనుకున్నాం.

రెండూ పక్కపక్కన పెడితే అతకట్లేదు. కొత్తది నల్లగా, కాస్త పసుపుగా ఉంది. స్తంభం గీత కూడా కొంచెం వంకర. చీరకి వేరే బట్ట అంచు కుట్టినట్టుంది.

లహరి_రీటచ్ | గురువారం రాత్రి 9:30

పెద్దత్త దొరకడం కంటే ఇంకేం కావాలి తమ్ముడూ. ఇక మిగిలింది చేతిపనే.

రెండు రా ఫైళ్లనీ కెమెరా రా (ఫొటోషాప్‌లో రా ఫైళ్లు తెరిచే భాగం) లో ఒకేసారి తెరిచి, వైట్ బ్యాలెన్స్ ఒకటే అంకె పెట్టు. లెన్స్ కరెక్షన్ రెండింటికీ టిక్ చెయ్యి, వంకర సగం అక్కడే పోతుంది. తర్వాత రెండింటినీ రెండు లేయర్లుగా పెట్టి ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్. ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోటు మారకపోతే కలిసిపోతాయి. మారితే మాత్రం ఎంత లాగినా దగ్గరి స్తంభం, దూరపు స్తంభం ఒకేసారి కలవవు. అప్పుడు వెనకభాగం ఒక లేయర్, ముందున్నవి ఒక లేయర్‌గా విడదీసి వేరువేరుగా జరపాలి.

నల్లగా ఉండటానికి కారణం ఫ్లాష్ అనుకుంటాను. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. జంట దగ్గరున్నారు, మేళం వెనకుంది. అందుకని మొత్తం తెల్లగా చేసెయ్యకు, అంచులకి పోయేకొద్దీ చీకటి ఉండటమే సహజం. అతుకు దగ్గర మాత్రం కర్వ్స్ (వెలుగునీడలు సర్దే టూల్) తో సమం చేసి, ఆ కర్వ్ మాస్క్‌ని కుడికి పోయేకొద్దీ గ్రేడియంట్‌తో తగ్గించు. అతుకు నిలువు గీతలా వద్దు. ఏదో ఒక వస్తువు అంచు వెంబడి, కొబ్బరాకు వెంటో, కండువా వెంటో పోనియ్. చివర్లో మొత్తం మీద ఒకే గ్రెయిన్ (సన్నటి రేణువులు) వెయ్యి.

ఇంకొకటి, తెర. పాత ఫ్రేమ్‌లో తెర ఎత్తి ఉంటుంది, నీ ఫొటోలో దిగుతోంది. అది పట్టుకున్నవాళ్ల చేతులు రెండు చోట్లా రాకుండా చూసుకో.

ఓరుగల్లు_ఫ్రేమ్స్ | గురువారం రాత్రి 9:50

ఇది సూస్తుంటే మస్తు సంతోషమైతుంది తమ్మీ. ఇగ నేను గూడ ముహూర్తం కాడ ఫ్రేమ్ దిగినంక ఎడమకొకటి, కుడికొకటి ఎక్స్‌ట్రా కొట్టి పెట్టుకుంట. రెండు క్లిక్కులే గద. షీట్ జేసేటప్పుడు ఏఐతోని పనే ఉండదు.

ఆల్బమ్_డిజైనర్_బెజవాడ | శుక్రవారం ఉదయం 7:20

ఓరుగల్లు గారూ, ఆ రెండు క్లిక్కులు కొట్టేటప్పుడు జూమ్, ఎక్స్‌పోజర్ మార్చకండి, మాన్యువల్‌లో ఉంచండి. డిజైనర్‌కి అక్కడే సగం పని తగ్గుతుంది.

కోనసీమ_కుర్రోడు | శనివారం రాత్రి 10:05

అయిపోయింది. ఎడమ 4 అంగుళాలు ముక్కముక్కగా జెనరేటివ్ ఫిల్, కుడి వైపు పెద్దత్త దాకా పాత ఫ్రేమ్ నుంచి. ఇంకో మూడు అంగుళాలు చాలకపోతే అక్కడ ఉత్త కొబ్బరాకులే కాబట్టి క్లోన్ స్టాంప్‌తో (ఒక చోటి బొమ్మని ఇంకో చోట అచ్చేసే టూల్) పెంచాను. అమ్మకి చూపిస్తే ముందు చూసింది పెద్దత్తనే. ల్యాబ్‌కి పంపేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

ఆల్బమ్_డిజైనర్_బెజవాడ | శనివారం రాత్రి 10:40

లేయర్ల ఫైల్ విడిగా దాచుకుని, ల్యాబ్‌కి 8 బిట్, ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్, జేపెగ్ క్వాలిటీ 12 పంపండి. కటింగ్‌లో చుట్టూ కొంచెం పోతుంది, పావు అంగుళం పోతుందనే లెక్కేసుకోండి. పెద్దత్త చెయ్యి కుడి అంచుకి మరీ దగ్గరగా ఉంటే అర అంగుళం లోపలికి జరపండి. క్లోన్ చేసిన కొబ్బరాకుల్లో ఒకే ఆకు రెండుసార్లు కనిపిస్తోందేమో ఫొటోని అద్దంలోలా ఎడమ కుడి తిరగేసి ఒకసారి చూడండి. తిరగేసి చూస్తే కంటికి తొందరగా దొరుకుతుంది.